పద్నాలుగో షరతు

నమోదు 1

గాలి: పడమటి నుంచి, జోరుగా.
కరెంటు: ఊరికి చాలినంత, ఆపైన కొంత.
లోపాలు: మా అత్త.

గ్రిడ్ వాళ్ళు ఇచ్చిన గళ్ళు ఈ మూడే. "ఒప్పందం ఖాయమయ్యేదాకా రోజూ ఈ రికార్డరులో చెప్పండి సుంకులమ్మ గారూ, గడికి రెండు మాటలు చాలు" అన్నారు. రెండు మాటలతో ఊరుకోవడం నా వల్ల కాదు. నేను పటాలు కుట్టేదాన్ని. పటమంటే పిల్లలు ఎగరేసేది కాదు, ఇంటి కప్పంత ఉంటుంది. దాన్ని కుట్టాలంటే వారంపాటు గుడ్డ మీద మోకాళ్ళతో పాకాలి. చేతులు పనిలో ఉంటాయి, నోటికి మాత్రం పనుండదు. అలా మాటలు పెరిగాయి. మాటకారినని చెప్పి, గ్రిడ్‌తో ఒప్పందం మాట్లాడే పని ఊరంతా కలిసి నా నెత్తినే పెట్టారు.

మా ఈదురుకొండ బతుకంతా పటాల మీదే. పటం పైకెక్కి మోకును లాగుతుంది. మోకు చరకాను తిప్పుతుంది. చరకా కరెంటు పుట్టిస్తుంది. మోకు అంతా అయిపోయాక పటాన్ని ముడిచి వెనక్కి చుట్టి మళ్ళీ వదులుతాం. ఆ కరెంటుతోనే నీళ్ళు కొండెక్కుతాయి, చల్లగదుల్లో ఫ్యాన్లు తిరుగుతాయి. మా తాతల కాలంలో జనం మధ్యాహ్నాలు కూడా బయట తిరిగేవాళ్ళట. ఇప్పుడు ఉగాది నుంచి దసరా దాకా, ఎండ నడినెత్తికి రాకముందే ఊరంతా కొండను తొలిచిన గదుల్లోకి దిగాల్సిందే. ఫ్యాను ఆగిందంటే ఆ గది పొయ్యి మీద పెట్టిన కుండే.

పోయినేడు భాద్రపదంలో గాలి పడిపోయి, ఎన్నాళ్ళకూ లేవలేదు. గదుల్లో వంతులేసుకుని విసనకర్రలతో విసురుకున్నాం. ముసలివాళ్ళు కొందరు సొమ్మసిల్లి పడిపోయారు. అందుకే గ్రిడ్‌లో చేరాలనుకున్నాం. పాత పెద్ద గ్రిడ్ కుప్పకూలాక ఎవరి కరెంటు వాళ్ళదే అయిన కాలంలో, కింద మైదానంలో ఒక ఆనకట్ట, కొన్ని సోలార్ మడులు, ఏడు ఊళ్ళు కలిసి మెల్లగా అల్లుకున్న వల అది. గాలి ఉన్నప్పుడు మేమిస్తాం. లేనప్పుడు వాళ్ళిస్తారు.

ఇష్టం లేనిది మా అత్త ఓబుళమ్మ ఒక్కదానికే. కానీ ఈ కొండ మీద పటాలన్నీ ఆమె మాటే వింటాయి. కాబట్టి ఆ ఒక్కతీ సగం ఊరితో సమానం.


నమోదు 2

గాలి నిన్నటిలాగే. కరెంటుకు కొదవ లేదు.

గ్రిడ్ తరఫున షరతులు చదివి వినిపించే ఆఫీసరు ఈ పొద్దు బస్సులో దిగింది. పేరు జుబేదా. నాకన్నా చిన్నది. సంచీ ఒక భుజాన, పనిముట్ల పెట్టె ఒక భుజాన. దిగీ దిగగానే తలెత్తి పటాలను చూసి నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయింది. అది చూసి మా అత్తకు సగం కోపం తగ్గింది. తగ్గినట్టు కనబడకుండా ఉండటానికి మాత్రం చాలా కష్టపడింది.

ఎండెక్కాక పెద్ద చల్లగదిలో ఊరంతా కూర్చుంటే జుబేదా షరతులు చదివింది. మొదటి పదీ సాఫీగా జరిగిపోయాయి. పదకొండో దగ్గర మోకు బిగిసింది.

"గ్రిడ్‌లో కరెంటు ఎక్కువైన వేళల్లో, గ్రిడ్ కోరిన మేరకు ఉత్పత్తి తగ్గించవలెను."

"అంటే?" అంది అత్త.

"అంటే పెద్దమ్మా, మేం ఫోన్ చేసి చెబితే ఒకటో రెండో పటాలు దించాలి."

"పటాన్ని దించమని గాలి చెప్పాల. ఫోను చెప్పేదేంది?"

జుబేదా నవ్వింది. "గాలి మీకు చెబుతుంది. మాకు చెప్పదు కదా."

ఆ మాటకు గదంతా నవ్వింది. పదకొండో షరతు అలా గట్టెక్కింది. పద్నాలుగోదానికి ఎవరూ నవ్వలేదు.

"ఏ కారణం చేతనైనా గ్రిడ్ ఆగిపోయినచో, చేరిన ఊరు తన ఉత్పత్తిని తక్షణమే నిలిపివేయవలెను. గ్రిడ్ అనుమతించు వరకు తిరిగి మొదలుపెట్టరాదు. ఊరి సొంత వాడకానికి సైతం ఇది వర్తించును."

 నా పక్కన మారెక్క నెలల పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముందుగా ఆమే అడిగింది. "ఎక్కడో కింద మీ తీగ తెగితే, ఈడ గాలి ఉండి, పటం ఉండి, మేము ఫ్యాను ఆపుకుని కూర్చోవాలా?"

"అవును" అంది జుబేదా. తల దించుకోలేదు, సాకులు చెప్పలేదు. ఆ "అవును" నాకు నచ్చింది. ఊరికి నచ్చలేదు.


నమోదు 4

జుబేదా మా ఇంట్లోనే దిగింది. సంగటి, ఊరుబిండి పెట్టాను. కారానికి కళ్ళు తుడుచుకుంటూనే రెండో ముద్ద అడిగింది.

"ఆ షరతు రాసింది ఎవరమ్మా?" అని అడిగింది అత్త. ఆ అడగడం రాయి విసిరినట్టుంది.

"మా ఖాజా అన్న చెయ్యి రాసింది పెద్దమ్మా."

వాళ్ళన్న ఖాజా లైన్‌మ్యాన్. ఒకరోజు గ్రిడ్ ఆగిపోయింది. తీగ చచ్చిందనుకుని స్తంభమెక్కాడు. అటు చివర ఒక ఊరు తన జనరేటరు తనకోసం నడుపుకుంటోంది. ఆ ఊరికీ గ్రిడ్‌కీ మధ్య ఉన్న స్విచ్ పెట్టెలో తెగినట్టే చూపిస్తోంది, లోపల మాత్రం తెగలేదు. చచ్చిన తీగలోకి ఆ ఊరి కరెంటు వచ్చింది. ఖాజా బతికాడు. కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. ఇప్పుడు ఆనకట్ట పక్కన సబ్‌స్టేషన్‌లో కూర్చుని లైన్లు నడిపిస్తాడట, స్తంభాలు ఎక్కడట.

"ఆ ఊరోళ్ళు చెడ్డోళ్ళు కాదు" అంది జుబేదా. "వాళ్ళకీ చల్లగదులున్నాయి."

అత్త జుబేదా కంచంలో ఇంకో ముద్ద వేసింది.


నమోదు 7

గాలి కొంచెం ఈశాన్యానికి తిరిగింది. ఎర్రక్క అనే పటానికి అంచు చిరిగింది, కుడుతున్నాను.

ఎర్రక్క, నల్లక్క, పచ్చక్క, తెల్లక్క. మా పటాల పేర్లివి. జుబేదా నా ఎదురుగా గుడ్డ పట్టుకుని కూర్చుంది. నేను ఎక్కడ కుట్లు విప్పమంటే అక్కడ విప్పుతోంది. మాటల్లో మళ్ళీ పద్నాలుగు దగ్గరికే వచ్చాం.

"మీ వాళ్ళకు దేన్ని చూస్తే భయం?" అని అడిగాను.

"పెట్టెను. అందులో ఏముందో కనబడదు. బయట దీపం తెగిందంటుంది. దీపం మాట నమ్మి మా అన్న ఎక్కాడు."

గుమ్మం దగ్గర మోకు పేనుతున్న అత్త తల తిప్పకుండా అంది, "నేను ఏ ముడినీ చేత్తో చూడకుండా పటం వదలను. కంటికి కనబడందాన్ని ఎట్ట నమ్ముతారు?"

"అయితే పెట్టె వద్దు" అన్నాను. "కంటికి కనబడేట్టు ఏమైనా ఉందా?"

జుబేదా సూది కింద పెట్టేసింది. ఉందట. పాతకాలంలో లైన్‌మ్యాన్లు వాడేవాళ్ళట, ఏబీ స్విచ్ అనేవాళ్ళట. స్తంభాల మీద మూడు ఇనుప కత్తులు. కింద పిడి తిప్పితే కత్తులు పైకి లేస్తాయి, తీగకూ తీగకూ మధ్య మనిషి పట్టేంత ఖాళీ ఏర్పడుతుంది. దూరం నుంచి కూడా ఆకాశం కనబడుతుంది ఆ ఖాళీలోంచి. పిడికి తాళం వేస్తే ఎవరూ దించలేరు. కత్తులు లేచి ఉంటే మా ఊరు మా ఊరే, గ్రిడ్ గ్రిడ్డే. మేం మా కరెంటు వాడుకున్నా అటు ఒక్క చుక్క పోదు.

"ఇంత సులువైనదాన్ని ఎందుకు మానేశారు మరి?" అంది అత్త.

"పెట్టె కొత్తది కదా పెద్దమ్మా."

మధ్యాహ్నం చల్లగదికి దిగకుండా ముగ్గురమూ ఆ బొమ్మ గీస్తూ కూర్చున్నాం. మా ఆయన లాలెప్ప వచ్చి తిట్టి లోపలికి తోలాడు. చరకాలు చూసేది అతనే, ఇనుప పని అంతా అతనికే తెలుసు. బొమ్మ చూశాక తిట్టడం మానేసి, కత్తులకు ఏ ఇనుము మంచిదో చెప్పడం మొదలుపెట్టాడు.


నమోదు 12

కొండ కనుమలో కత్తుల స్విచ్ నిలబెట్టాం. పద్నాలుగో షరతు మార్చమని జుబేదా రాసినదానికి గ్రిడ్ పెద్ద ఆఫీసు నుంచి జవాబు కూడా వచ్చింది. వద్దన్నారు.

స్విచ్ ఉంచుకోవచ్చట. పద్నాలుగో షరతు మాత్రం మారదట. పరీక్షాకాలం అయ్యాక ఆలోచిస్తారట. జుబేదా ఆ జవాబు చదివేటప్పుడు ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

పెద్ద చల్లగదిలో మళ్ళీ అందరం కూర్చున్నాం. ఒద్దనేసేయమన్నవాళ్ళే ఎక్కువ. నేను లేచాను. "తెగేదాకా లాగొద్దు. పరీక్షాకాలానికి ఒప్పుకుందాం. వాళ్ళూ మనల్ని చూస్తారు, మనమూ వాళ్ళను చూస్తాం. భాద్రపదానికి ముందే తేల్చుకుందాం" అన్నాను.  ఈ మాట తప్పయితే చల్లగదుల్లో కూర్చునే ప్రతి మనిషికీ నేను జవాబు చెప్పుకోవాలి.

ఆశ్చర్యం, ముందుగా చెయ్యెత్తింది అత్త. ఎందుకత్తా అని తర్వాత అడిగితే, "ఆ పాప మాటకు ఆ పైవాళ్ళు విలువియ్యలేదు. మనం కూడా ఇయ్యకపోతే ఎట్ట?" అంది.


నమోదు 14

కలిశాం.

కత్తులు దించేముందు మా కరెంటు గ్రిడ్ కరెంటుతో ఒకే తాళానికి రావాలట. జుబేదా కోలాటంతో పోల్చి చెప్పింది. "అందరి కర్రలూ ఒకేసారి తగలాలి. ఒక్కరు ముందో వెనకో కొడితే ఎవరి వేళ్ళో చితుకుతాయి." లాలెప్ప చరకాల దగ్గర, జుబేదా మీటరు దగ్గర. "ఇంకొంచెం... ఇంకొంచెం... కొట్టండి" అంది. కత్తులు దిగాయి. ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే గొప్ప అట. అందరం చప్పట్లు కొట్టాం.

సాయంత్రం ఖాజా ఫోన్ చేశాడు. "మీ కరెంటు మా దాకా వచ్చిందక్కా, కొంచెం ఊగుతోంది, ఏం తాగి వచ్చింది?" అన్నాడు. మనిషిని చూడకముందే నచ్చేశాడు.


నమోదు 19

గాలి: విపరీతం. కరెంటు: విపరీతం.

పదకొండో షరతు కింద ఫోను వచ్చింది, ఒక పటం దించమని. అత్త ఫోను పక్కనే కూర్చుని ఉంది. వినబడనట్టు మోకు పేనుతూనే ఉంది. రెండోసారి నేనెత్తాను. ఖాజా అన్నాడు, "ఓబుళమ్మ పెద్దమ్మకు చెప్పక్కా, ఆమె దించకపోతే నేనొచ్చి ఒంటి చేత్తో దించుతా."

నేను అలాగే చెప్పాను. అత్త నవ్వు ఆపుకోలేక లేచి వెళ్ళి నల్లక్కను దించింది.


నమోదు 23

ఈ రోజు రెండు మాటలు కాదు, రెండు వందలైనా చాలవు.

పొద్దున్నే దుమ్ముగాలి వచ్చింది. పటాలన్నీ దించి, తలుపులు మూసుకున్నాం. అది మమ్మల్ని దాటి కింద మైదానం మీద పడింది. దాని వెనకే మంచి గట్టి గాలి, నిలకడైన గాలి. అత్త ముఖం వెలిగింది. ఎండ మెల్లగా ఎక్కుతుంటే ఊరంతా చల్లగదుల్లోకి దిగుతోంది. అత్త వాళ్ళ జట్టు నాలుగు పటాలనూ పైకి వదిలింది.

అప్పుడు ఫ్యాన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

ఫోన్లో ఖాజా. ఈసారి వేళాకోళం లేదు. ఉత్తరం వైపు లైను టవర్లు కూలాయట. ఆ దెబ్బకు గ్రిడ్ మొత్తం ఆగింది. మా చరకాలను కూడా గ్రిడ్ వాళ్ళు బిగించిన పెట్టె దానంతట అదే ఆపేసింది, పద్నాలుగో షరతు ప్రకారం.

మీటర్లు పరీక్షించడానికి మళ్ళీ వచ్చిన జుబేదా, అదృష్టం కొద్దీ ఊళ్ళోనే ఉంది. ఇద్దరం కనుమకు పరిగెత్తాం. అత్త అప్పటికే అక్కడుంది. నెత్తి మీద కొంగు కప్పుకుని, చేతులు నడుముకు పెట్టుకుని, జుబేదా వైపు చూసింది.  పైన నాలుగు పటాలు గాలిని ఊరికే పారబోస్తున్నాయి. కింద గదుల్లో మారెక్క పిల్ల ఉంది, పోయినేడు సొమ్మసిల్లినవాళ్ళున్నారు.

జుబేదా పెద్ద ఆఫీసుకు ఫోన్ చేసింది. కలవలేదు. మళ్ళీ చేసింది. అక్కడా కరెంటు లేదు మరి.

"ఆ షరతు ఎందుకు రాశారో నాకు తెలుసు" అంది చివరికి, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. "తీగ మీద మనిషి చావకూడదని రాశారు. తీగ చచ్చిందో లేదో నేను చూస్తాను."

పిడి తిప్పింది. మూడు కత్తులూ లేచాయి. ఆ ఖాళీలోంచి ఆకాశం కనబడింది. తన సంచిలోంచి తాళం తీసి వేసింది. లాగి చూసింది. అత్తను పిలిచి, "మీరూ లాగండి పెద్దమ్మా" అంది. అత్త రెండు చేతులతో లాగి చూసింది. జుబేదా అన్నకు ఫోన్ చేసి చెప్పింది: "ఈదురుకొండ కత్తులు లేపాను. నేనే తాళం వేశాను. ఊరికి కరెంటు వాళ్ళనే ఇచ్చుకోమంటున్నాను. తప్పు నాది."

ఖాజా ఒకటే అడిగాడు. "కత్తులు నీ కళ్ళతో చూశావా?"

"చూస్తూనే ఉన్నా అన్నా."

"అయితే తప్పేముంది" అన్నాడు.

జుబేదా పెట్టెను ఆపింది, లాలెప్ప చరకాలు వదిలాడు. ఫ్యాన్లు తిరిగాయి. కొండ లోపలి నుంచి కేకలు వినబడ్డాయి. ఇక్కడితో కథ అయిపోయిందనుకుని నేను నీళ్ళ కోసం వెళ్ళబోయాను. ఫోను మళ్ళీ మోగింది.

ఆనకట్ట లేవడం లేదు. నీళ్ళున్నాయి, మరలున్నాయి. కానీ ఆ తలుపులెత్తి మరలను కదపాలంటే ముందు కొంచెం కరెంటు కావాలి. అందుకోసం పెట్టుకున్న బ్యాటరీలు ఎండకు ఉబ్బి పాడయ్యాయి. సోలార్ మడుల నిండా ఎండే, కానీ తాళం కొట్టేవాళ్ళు లేకపోతే అవి ఆడవు. అంతా ఎవరో ఒకరు మొదలుపెట్టాలని చూస్తున్నారు. ఏడు ఊళ్ళు చల్లగదుల్లో ఉన్నాయి.

జుబేదా నా వైపు చూసింది. నేను అత్త వైపు చూశాను. అత్త పటాల వైపు చూసింది.

"మన గాలితో వాళ్ళ ఆనకట్ట లేస్తుందా?" అని అడిగింది.

"లేస్తుంది. కానీ తాళం తప్పకూడదు. ఊగకూడదు. ఇంకోటి..." జుబేదా ఆగింది. "మొత్తం కావాలి పెద్దమ్మా. ఊరికి ఏమీ మిగలదు. కాసేపు ఫ్యాన్లు ఆపాలి."

ఆ మాట నేను వెళ్ళి చెప్పాలి. ఇందాకే ఫ్యాన్లు వచ్చాయని సంబరపడుతున్నవాళ్ళకు చెప్పాలి. పెద్ద చల్లగది గుమ్మంలో నిలబడితే నా నోటికి మొదటిసారి మాట రాలేదు. ఎలాగో చెప్పాను. ఆనకట్ట అన్నాను, ఏడు ఊళ్ళన్నాను, ఎంతసేపో తెలియదన్నాను.

 మారెక్క లేచింది. పిల్లను భుజాన వేసుకుంది.

"అప్పుడు ఆపమని వాళ్ళు చెబితే మనం వద్దన్నాం" అంది. "ఇప్పుడు వాళ్ళు చెప్పలేదు, అడిగినారు. ఆపండి. నేను పిల్లను నీళ్ళ తొట్టి పక్కన పెట్టుకుంటా. ముసలోళ్ళకు తడిగుడ్డలు కప్పండి."

తర్వాత అందరూ ఒకేసారి లేచారు. కొందరు తొట్టి నీళ్ళలో దుప్పట్లు తడిపి గుమ్మాలకు కట్టారు. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్ళంతా నెత్తిన తడిగుడ్డ వేసుకుని చరకాల దగ్గరికి వచ్చారు.

కింద ఖాజా ఒక్కో లైను మనిషినీ పేరు పెట్టి పిలిచి, స్తంభం దిగాడా లేదా అని అడుగుతున్నాడు. కూలిన టవర్ల వైపు లైను విడగొట్టించాడు. అందరూ దిగామన్నాక కూడా మళ్ళీ మొదటి నుంచి పిలిచాడు. అది ఫోన్లో వింటూ నేను నిలబడ్డాను. ఒకప్పుడు తనను అలా ఎవరూ పిలవలేదు.

"దించు పాపా" అన్నాడు చివరికి చెల్లెలితో.

తాళం తీసి, కత్తులు దించింది. ఇక మా అత్త పని. పటం మోకును లాగినంతసేపే కరెంటు, వెనక్కి చుట్టేటప్పుడు ఉండదు. నాలుగూ ఒకేసారి లాగి ఒకేసారి ఆగితే తాళం తప్పుతుంది. ఒకటి చుట్టుకునేటప్పుడు మిగతా మూడూ లాగాలి. ఎప్పుడూ అంతే చేస్తాం. కానీ మామూలు రోజుల్లో కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు, ఫ్యాను కొంచెం నెమ్మదిస్తుంది, అంతే. ఈ రోజు ఆ కాస్త కూడా కుదరదు.

అత్త రాతి అరుగు ఎక్కింది. "ఎర్రక్కను చుట్టు. పచ్చక్కా, పట్టుకో. ఇప్పుడు వదులు. నల్లక్కా, తొందరొద్దు తల్లీ, తొందరొద్దు." ఆమె పటాలతో మాట్లాడుతోందో, చరకాల దగ్గర మనుషులతోనో తెలియదు. జుబేదా మీటరు చూస్తూ "ఎక్కువ... తక్కువ... బాగుంది" అని అరుస్తోంది. ఇద్దరి గొంతులూ కలిసిపోయాయి. లాలెప్ప బ్రేకు మీద వేళ్ళు పెట్టి కారే చెమటతో నిలబడ్డాడు. నేనూ నల్లక్క మోకు దగ్గర నిలబడి దాని బిగువు తడిమి చూస్తూ ఉన్నాను. నేను కుట్టిన అంచులు పట్టుకోవాలని దేవుళ్ళందరికీ మొక్కాను.

ఒకసారి మీటరు బాగా పడింది. జుబేదా గొంతు సగంలో ఆగింది. అత్త కేకకు ముందే జట్టు తెల్లక్కను వదిలేసింది. ముల్లు మళ్ళీ లేచింది.

ఖాజాతో కలిపి ఉంచిన ఫోను అరుగు మీదే ఉంది. అందులోంచి ముందు ఒక మూలుగు వినబడింది, పెద్ద ఇనుప తలుపు కదిలినట్టు. తర్వాత నీళ్ళ హోరు.

"లేచింది" అన్నాడు ఖాజా. అంతే అన్నాడు. తర్వాత ముక్కు చీదుకున్న శబ్దం.

ఆనకట్ట తాళం అందుకుంది. సోలార్ మడులు దాని వెంట ఆడటం మొదలుపెట్టాయి. ఒక్కో ఊరి పేరూ ఖాజా చదువుతుంటే చరకాల దగ్గర మా వాళ్ళు ఒక్కో పేరుకూ చప్పట్లు కొట్టారు. చూడని ఊళ్ళవి. ఏడూ అయ్యాక ఎనిమిదోది చదివాడు. "ఈదురుకొండ. ఫ్యాన్లు వేసుకోండక్కా, మీరే మిగిలారు."

మారెక్క పిల్ల తొట్టి పక్కన తడిగుడ్డ మీద హాయిగా నిద్రపోతోంది. లేపబుద్ధి కాలేదు.


నమోదు 24

గాలి మంచిదే. కరెంటూ మంచిదే. జనం మాత్రం పని చేయడం లేదు. అందరూ నిన్నటి సంగతి ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. అందరూ అక్కడే ఉన్నారు కదా అంటే వినరు.

జుబేదాను పెద్ద ఆఫీసు పిలిపించింది. షరతు దాటినందుకు. అత్త ఆమె వెంట బస్సు దాకా వెళ్ళి, మూట నిండా సజ్జ రొట్టెలు చేతిలో పెట్టింది. "పని పోతే ఈడికి వచ్చేయి. మోకు పేనడం నేర్పిస్తా" అంది. జుబేదా నవ్వుతూ ఏడ్చింది, లేకపోతే ఏడుస్తూ నవ్వింది.


నమోదు 31

పని పోలేదు. ఆ ఏడు ఊళ్ళూ పెద్ద ఆఫీసుకు కబురు పెట్టాయట, ఆమెను ఏమైనా అంటే మేమూ గ్రిడ్‌లోంచి కత్తులు లేపేస్తామని. జుబేదా తిరిగి వచ్చింది, వెంట పెద్ద ఆఫీసు నుంచి ఒకాయన్ను తీసుకుని. చాలా మర్యాదస్తుడు. కత్తుల స్విచ్ కింద నిలబడి ఆ ఖాళీలోంచి ఆకాశం వైపు చాలాసేపు చూశాడు.

పెద్ద చల్లగదిలో కూర్చుని పద్నాలుగో షరతు తిరగరాశాం. గ్రిడ్ ఆగినప్పుడు కత్తులు లేపి, గ్రిడ్ మనిషి చూసి తాళం వేశాక, ఊరు తన కరెంటు తాను వాడుకోవచ్చు. అంతవరకు ఎవరికీ పేచీ లేదు. దాని కింద కొత్తది ఒకటి చేరింది, ఆనకట్టను లేపే విషయం. ఆఫీసాయన చదివాడు: "అవసరమైనచో గ్రిడ్ ఈదురుకొండను ఆదేశించవచ్చును."

"అడగాల" అంది అత్త.

"అదే అర్థం అమ్మా."

"అదే అర్థమైతే అదే రాయి."

ఆయన జుబేదా వైపు చూశాడు. జుబేదా నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను. చివరికి ఆయన కొట్టేసి, "అడగవలెను" అని రాశాడు. ఇప్పుడు మిగతా ఊళ్ళు కూడా తమ షరతులో ఆ మాటే కావాలంటున్నాయట. పాపం ఆయనకు చాలా పని పడింది.

సంతకాలయ్యాయి. అందరికీ బెల్లం పానకం ఇచ్చాం.


నమోదు 58

గాలి: లేదు.
కరెంటు: ఉంది.

ఆ రెండు గళ్ళూ అలా పక్కపక్కన చెప్పగలగడం ఇదే మొదలు. భాద్రపదం వచ్చి గాలి చచ్చింది. పటాలన్నీ మడిచి పెట్టేశాం. అయినా ఫ్యాన్లు తిరుగుతున్నాయి, నీళ్ళు కొండెక్కుతున్నాయి. ఎక్కడో ఆనకట్ట మీంచి దూకిన నీళ్ళు మా గదుల్లో చల్లగాలి అవుతున్నాయి.

అత్తకు మాత్రం ఏం చేయాలో తోచలేదు. రెండు రోజులు ఇంటి చుట్టూ తిరిగింది. వంటింట్లో దూరి నా గిన్నెలన్నీ సర్దింది, ఇప్పుడు ఏదీ దొరకడం లేదు. మూడో రోజు నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఆ ఆనకట్టను సూసొద్దాం, పోదామా?"

పెళ్ళయి ఈ కొండెక్కాక ఆమె దిగలేదట. గాలి ఉన్నప్పుడు పటాలను వదిలి పోలేదు. గాలి లేనప్పుడు ఎప్పుడొస్తుందోనని కాచుకుని కూర్చుంది. నేను ఇన్నేళ్ళుగా ఆమె పక్కనే ఉన్నాను. ఆ సంగతి ఎప్పుడూ అనుకోలేదు.

ఈ పొద్దు బస్సెక్కాం. ఒప్పందం ఖాయమైనా ఈ చెప్పడం మానలేకపోయాను, ఇది బస్సులోంచే చెబుతున్నాను. వెనక సీట్లో ఎవరో నిద్రపోతున్నారు, అందుకే చిన్నగా. ఖాజా బస్టాండుకు వస్తానన్నాడు. అత్త కిటికీ పక్కన కూర్చుని, బస్సు మలుపు తిరిగేసరికి వెనక్కి తిరిగి చూసింది. మా కొండ దూరంగా, పటాలు లేకుండా, మట్టిరంగులో కూర్చుని ఉంది.

"మన కొండ ఇంత చిన్నదా మే?" అంది.

"దూరం కదత్తా."

కొండ కనబడినంతసేపూ చూసింది. తర్వాత కొంగు సర్దుకుని, ముందుకు తిరిగి, పక్క వరసలో కూర్చున్న ఆయన్ను పిలిచింది. "నాయనా, ఆనకట్ట కాడ సేపలు బాగుంటాయంట, నిజమేనా?"